మా ఊరి సర్వే ఎక్కడికి పోయింది? థింక్ ట్యాంకుల మాట ప్రభుత్వం నిజంగా వింటుందా?

ప్రశ్న – పరకాల అధ్యాపకుడు

నేను పరకాల ప్రాంతంలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధిస్తాను. మూడేళ్ల కిందట వానాకాలం మొదట్లో ఒక పరిశోధనా సంస్థ తరఫున ఇద్దరు యువకులు ట్యాబ్‌లు పట్టుకుని మా ఊరికి వచ్చారు. మా అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి దాదాపు రెండు గంటలు ప్రశ్నలడిగారు. భూమి ఎన్నెకరాలు, అందులో చెల్క అంటే ఎర్రనేల ఎంత, నల్లరేగడి ఎంత, అప్పు బ్యాంకులో ఎంత, సాహుకారు దగ్గర ఎంత, నెలకు మందులకు ఎంతవుతుంది, ఇలా సాగింది. నాకు కూడా ఎన్నడూ చెప్పని ఒక చేబదులు సంగతి ఆమె వాళ్లకు చెప్పింది. నివేదిక వచ్చాక పంపిస్తామని మా ఫోను నంబరు కూడా రాసుకున్నారు. ఆ తరువాత వాళ్ల జాడ లేదు.

ఈ మధ్య తరగతిలో విధాన నిర్ణయాల గురించి చెబుతూ, విధానాల మీద పరిశోధన చేసి సలహాలిచ్చే థింక్ ట్యాంకుల ప్రస్తావన తెచ్చాను. టీవీ చర్చల్లో "ఒక అధ్యయనం ప్రకారం" అని మొదలయ్యే మాటలన్నీ ఇలాంటి సంస్థల నుంచే వస్తాయని చెప్పబోతుండగా ఒక అమ్మాయి లేచి, "సార్, ఎమ్మెల్యేను మనం ఓటేసి ఎన్నుకుంటాం, కలెక్టరు పరీక్ష రాసి వస్తాడు, మరి వీళ్లను ఎవరు పెట్టారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకంలో ఉన్న ఒక్క పేరాగ్రాఫుతో సరిపెట్టడం నాకు నచ్చలేదు. ఈ సంస్థల పరిశోధన ప్రభుత్వ నిర్ణయంగా మారే దారి ఏమిటి, ఆ దారిలో డబ్బు ఎంత మాట్లాడుతుంది, సమాచారం ఇచ్చిన ఊరికి అందులో వాటా ఏమైనా ఉందా? ఈ రంగంలో పనిచేసినవారు, ఇలాంటి సర్వేలకు జవాబులిచ్చినవారు తమ అనుభవంతో చెప్పగలిగితే ఆ అమ్మాయికి నిజాయతీగా సమాధానం చెప్పగలుగుతాను.

సమాధానం 1 – పాత క్షేత్ర పరిశోధకుడు, హైదరాబాద్ (సొంతూరు హుజూరాబాద్ దగ్గర)

సార్, నేను హైదరాబాదులో రెండు సంస్థల్లో కలిపి పదకొండేళ్లు ట్యాబ్ పట్టుకుని తిరిగినవాణ్నే. ముందు మీ అమ్మగారి సంగతి చెబుతాను. సర్వే చేయించే సంస్థ ఒకటి, దానికి డబ్బిచ్చేది మరొకటి, ఊళ్లోకి మనుషులను పంపే ఏజెన్సీ ఇంకొకటి. మీ అరుగు మీద కూర్చున్న యువకులకు చాలా సందర్భాల్లో నింపిన ఫారానికి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. నివేదిక తయారయ్యే నాటికి వాళ్లు వేరే పనిలో ఉంటారు. సమాచారం మీద హక్కు ఒప్పందం ప్రకారం డబ్బిచ్చినవారిది. నివేదికలో మీ ఊరి పేరు ఉండదు, జిల్లా సగటు ఉంటుంది. వ్యక్తుల వివరాలు బయటపడకుండా అలా చేయడం సబబే. అయితే ఊరికి ఒక రెండు పేజీల సారాంశం తెలుగులో రాసి పంపడానికి ఏ నియమమూ అడ్డు రాదు. అది మా సోమరితనం, ఒప్పుకుంటున్నాను.

ఇక "ఎవరు పెట్టారు" అన్న ప్రశ్న. మన దేశంలో ఇవన్నీ ఒకే జాతికి చెందినవి కావు. ఢిల్లీలోని ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధనా సంస్థ 1956లో, సీఎస్‌డీఎస్ అనే సామాజిక అధ్యయన సంస్థ 1963లో, సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ 1973లో మొదలయ్యాయి. మన హైదరాబాదులోని సెస్, అంటే సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్, 1980లో ఏర్పడింది. సెస్ లాంటి వాటికి భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి నుంచి గ్రాంటు వస్తుంది, కాబట్టి జీతాలు ఒక్కొక్క ప్రాజెక్టు మీద ఆధారపడవు. పారిశ్రామిక సంస్థల విరాళాలతో నిలబడ్డవి ఇంకో తరహా. పూర్తిగా ప్రాజెక్టుల మీద బతికేవి మరో తరహా, ఈ ఆఖరివాటి సంఖ్యే ఇప్పుడు ఎక్కువ. నీతి ఆయోగ్‌ను కూడా కొందరు థింక్ ట్యాంకు అంటారు, కానీ ప్రభుత్వం తనకు తాను చెప్పుకునే సలహాను నేను ఈ లెక్కలో వేయను.

పరిశోధన నిర్ణయంగా మారే దారి గురించి బయటివారికి ఒక అపోహ ఉంటుంది. నివేదిక అచ్చవుతుంది, మంత్రి చదువుతాడు, జీవో వస్తుంది అనుకుంటారు. నేను చూసినంతలో మూడు వందల పేజీల నివేదికను సచివాలయంలో ఎవరూ చదవరు. నిర్ణయం మీద ప్రభావం చూపేది మనిషి. ఒక పరిశోధకుడు ఇరవై ఏళ్లు ఒకే విషయం మీద పనిచేసి, ఆ విషయం మీద ప్రభుత్వం కమిటీ వేసిన రోజున అందులో కూర్చుంటే, అప్పుడు ఆ పాత నివేదికలన్నీ ప్రాణం పోసుకుంటాయి. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఆర్థికవేత్త సి.హెచ్.హనుమంతరావు గారి అధ్యక్షతన కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ వేసిన కమిటీ 1994లో నివేదిక ఇచ్చింది. కరువు పీడిత ప్రాంతాల పనులను శాఖలవారీగా చెదరగొట్టకుండా, సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను, అంటే వాన నీరు ఒకే వైపు పారే ప్రాంతాన్ని, ఒక యూనిట్‌గా తీసుకుని ఊరి కమిటీ చేతికి ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. 1995 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అవే మార్గదర్శకాలు అమలయ్యాయి. మన ఊళ్లలో ఆ కాలంలో కట్టిన రాతి కట్టలు, చెక్ డ్యాములు చాలావరకు ఆ కాగితం నుంచి వచ్చినవే. అయితే అక్కడ ప్రశ్న అడిగింది ప్రభుత్వం, నిధి అప్పటికే ఉంది, సమాధానం చెప్పిన మనిషి అంతకుముందే ప్రణాళికా సంఘంలో సభ్యుడిగా పనిచేసినవారు. ఈ మూడూ కలిసివచ్చే సందర్భాలు అరుదు.

సమాధానం 2 – చెల్క రైతు, నర్సంపేట వైపు

పై అన్న చెప్పినది కాదనను. కానీ అది ప్రభుత్వమే సమాధానం కోరుకున్న సందర్భం. ప్రభుత్వం, కంపెనీలు, రైతులు ముగ్గురూ మూడు వైపులా లాగుతున్నప్పుడు అధ్యయనాలు ఎలా ప్రవర్తిస్తాయో తెలుసుకోవాలంటే మన వరంగల్ జిల్లా పత్తిని మించిన ఉదాహరణ దేశంలోనే దొరకదు. నేను వ్యవసాయ డిగ్రీ చదివి ఊళ్లోనే సాగు చేస్తున్నాను. ఆ కాగితాలన్నీ ఓపికగా చదివాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1997–98లో పురుగుల దెబ్బకు, మందుల అప్పులకు ఈ జిల్లాలో పత్తి రైతులు ఎలా ప్రాణాలు తీసుకున్నారో అందరికీ తెలుసు. ఆ నేపథ్యంలోనే 2002 మార్చిలో కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ పురుగును ఆపే జన్యువు చేర్చిన మూడు బీటీ పత్తి హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. మెక్-12, మెక్-162, మెక్-184 వాటి పేర్లు. ఆ ఏడు మా నాన్న ఆ విత్తనం వేయలేదు. వద్దనుకుని కాదు, 450 గ్రాముల ప్యాకెట్టుకు 1,600 రూపాయలు అప్పు పుట్టలేదు.

2003లో అమెరికా పత్రిక సైన్స్‌లో ఇద్దరు ఆర్థికవేత్తల వ్యాసం వచ్చింది. బీటీ పత్తి దిగుబడి దాదాపు 80 శాతం ఎక్కువ అని అందులో తేల్చారు. ప్రపంచమంతా ఆ సంఖ్యను ఎత్తిచూపింది. అయితే ఆ లెక్కకు ఆధారం 2001లో విత్తన కంపెనీ తానే నిర్వహించిన క్షేత్ర పరీక్షల సమాచారం, అది కూడా వేరే రాష్ట్రాలది. అదే 2003లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ వైపు నుంచి అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మన వరంగల్ జిల్లా రైతుల చేలను సీజను పొడుగునా చూసి రాసిన నివేదిక వచ్చింది. బీటీ వేసిన రైతుకు మామూలు పత్తి వేసిన రైతుకంటే తక్కువ మిగిలిందని అందులో చెప్పారు. మరుసటి ఏడాది కంపెనీ తరఫున ఒక మార్కెట్ పరిశోధనా సంస్థ చేసిన సర్వే, ఆంధ్రప్రదేశ్‌లో రైతులకు దిగుబడీ లాభమూ రెండూ పెరిగాయని ప్రకటించింది. కొంతకాలానికి సెస్‌కు చెందిన మహేంద్ర దేవ్, చంద్రశేఖరరావు గార్లు 2004–05 పంట మీద వరంగల్, గుంటూరు సహా నాలుగు జిల్లాల్లో అధ్యయనం చేసి, బీటీలో దిగుబడీ నికరాదాయమూ ఎక్కువేనని రాశారు.

ఒకే పంట మీద ఇన్ని తీర్పులు. ఎవరో ఒకరు అబద్ధం చెప్పారని అనుకోవడం తేలిక. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. తీరిగ్గా చూస్తే ఎక్కువ భాగం తేడా వేరేచోట ఉంది. 2002 కరువు సంవత్సరం, 2004 నాటికి విత్తనాలే మారిపోయాయి, కొత్త హైబ్రిడ్లు వచ్చాయి. చెల్కలో వానాధారంగా వేసిన పత్తి వేరు, నీటి వసతి ఉన్న రేగడిలో వేసిన పత్తి వేరు. బీటీ జన్యువు పురుగును ఆపగలదేమో గానీ, అది ఎక్కిన హైబ్రిడ్ మన నేలకు సరిపడకపోతే దిగుబడిని పెంచలేదు. అందుచేత "బీటీ పత్తి మేలా కీడా" అన్న ప్రశ్నే సగం తప్పు. "ఏ విత్తనం, ఏ నేల, ఏ ఏడు" అని అడగాలి. కంపెనీ డబ్బుతో జరిగిన సర్వేకు ఆ ప్రశ్న అడగవలసిన అవసరం లేదు. వ్యతిరేకించేవారికీ, నిజం చెప్పాలంటే, లేదు.

మరి విధానం ఎలా మారింది? 2005లో అదే ఆమోద కమిటీ ఆ మూడు హైబ్రిడ్లకు మన రాష్ట్రంలో అనుమతి పొడిగించలేదు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం విత్తనం మీద కంపెనీ వసూలు చేసే సాంకేతిక రుసుముపై గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ దాకా వెళ్లింది, తరువాత ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు దించింది, 2007లో పత్తి విత్తనాల చట్టమే చేసింది. ఈ నిర్ణయాల వెనక నష్టపోయిన రైతులు కలెక్టరేట్ల ముందు కూర్చోవడం ఉంది, పత్రికల రాతలు ఉన్నాయి, వ్యవసాయ శాఖ సొంత పరిశీలన ఉంది. ఆ పేర్చిన కట్టెల మీద ఖయ్యూం, సక్కరి గార్ల నివేదిక నిప్పురవ్వలా పడింది. కట్టెలు లేకుండా నిప్పురవ్వ ఒక్కటే ఏం చేస్తుంది?

సమాధానం 3 – గ్రూప్-1 అభ్యర్థి, హనుమకొండ

సార్, రైతు అన్న చెప్పినదానికి తోడుగా పోటీ పరీక్షలకు మేము బట్టీపట్టే ఒక విషయం గుర్తుచేస్తాను. 1969లో తెలంగాణ మిగులు నిధులు, అంటే తెలంగాణలో వసూలై అక్కడ ఖర్చు కాని సొమ్ము, ఎంత అన్నదానిమీద కుమార్ లలిత్ కమిటీ 34.10 కోట్ల రూపాయలని, జస్టిస్ భార్గవ కమిటీ 28.34 కోట్లని తేల్చాయి. ఒకే ఖజానా, ఒకే ఏడాది, రెండు లెక్కలు. ఏ ఖర్చును ఎవరి పద్దులో రాయాలన్న దగ్గర తేడా వచ్చిందే తప్ప కూడికలో కాదు. అంటే ఏ నివేదికలోనైనా చివరి సంఖ్యకంటే ముందు, దానికి దారితీసిన నిర్వచనాలు చదవాలి.

ఇంకొకటి. 2010 డిసెంబరులో శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గాలు చూపి, రాష్ట్రాన్ని కలిపి ఉంచుతూ రక్షణలు కల్పించడమే మేలని ఆరో మార్గానికి మొగ్గింది. 2014లో పార్లమెంటు ఆమోదించింది ఐదోదానికి, అంటే విభజనకు, దగ్గరగా ఉన్నదాన్ని. నిపుణుల మాటను ప్రజా ఉద్యమం దాటిపోయింది. అలాగని ఆ ఉద్యమం లెక్కలు లేకుండా నడిచిందా అంటే లేదు. ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన జయశంకర్ సార్ దశాబ్దాల తరబడి నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలను పోగుచేసి, ఊరి సభలో నిలబడి చెప్పగలిగే మాటల్లోకి మార్చారు. మీ విద్యార్థిని అడిగిన "ఎవరు పెట్టారు" అన్న ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు. ఆయన ఎవరి కోసం లెక్కలు వేస్తున్నారో విన్నవారికి తెలుసు కాబట్టి అడగలేదనుకుంటాను.

సమాధానం 4 – కౌలు మహిళా రైతులతో పనిచేసే కార్యకర్త, మహబూబాబాద్

అందరూ వచ్చిన నివేదికల గురించే మాట్లాడుతున్నారు. అడగని ప్రశ్నల గురించి కూడా ఒక మాట చెప్పాలి.

2018 మే నెలలో హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. ఎకరాకు సీజనుకు 4,000 రూపాయల చెక్కు. ఆ మొదటి విడతలోనే పేదరికం మీద పరిశోధన చేసే జె-పాల్ అనే సంస్థతో కలిసి పనిచేసే ఆర్థికవేత్తలు రాష్ట్ర ప్రభుత్వంతో ఒక ప్రయోగం చేశారు. చెక్కు అందిందా లేదా అని రైతులకు ఫోను చేసి అడుగుతామని, ఆ జవాబులను బట్టి పనితీరు చూస్తామని కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. ఆ మండలాల్లో చెక్కుల పంపిణీ కొంత మెరుగుపడింది, అయిన ఖర్చు అదనంగా అందిన సొమ్ముతో పోలిస్తే చాలా స్వల్పం. పద్ధతి ప్రకారం చేసిన మంచి పరిశోధన, నేను తప్పుపట్టడం లేదు.

కానీ మా సంఘంలోని ఆడవాళ్లకు ఎవరూ ఫోను చేయలేదు. చేయడానికి వాళ్ల పేర్లు ఆ జాబితాలోనే లేవు. పట్టా ఉన్నవారికే చెక్కు, దున్నినవారికి కాదు. కౌలుదారులను గుర్తించాలన్న మాట కొత్తది కూడా కాదు. 2004లో రాష్ట్ర ప్రభుత్వమే వేసిన జయతీ ఘోష్ కమిషన్ వాస్తవ సాగుదారులందరినీ, కౌలుదారులతో సహా, నమోదు చేయాలని చెప్పింది. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. అంత ఆధారమూ చట్టమూ చేతిలో ఉండగానే 2018లో వాళ్లను పక్కనపెట్టారు. ప్రభుత్వంతో కలిసి పనిచేసే సంస్థ "చెక్కు సరిగ్గా అందుతోందా" అని అడగగలదు. "చెక్కు సరైనవారికి రాశారా" అని అడిగితే మరుసటి ప్రాజెక్టు దక్కుతుందా? ఆ రెండో ప్రశ్నను 2022లో రైతు స్వరాజ్య వేదిక తన కార్యకర్తలతో ఊరూరా తిరిగి అడిగింది, సర్వే చేసిన రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులేనని లెక్కతేల్చింది. ఏసీ గదులు, విదేశీ డిగ్రీలు లేనివాళ్లు చేసిన పని అది. దాన్ని కూడా థింక్ ట్యాంకు పని అనే పిలవాలని నా మనవి.

సమాధానం 5 – న్యాయవాది, హనుమకొండ

డబ్బు సంగతి ఎవరూ సూటిగా ముట్టుకోలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు కావాలి, 2020 సవరణతో ఆ షరతులు బిగిశాయి. సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ నమోదును కేంద్రం 2023లో నిలిపివేసి, 2024 జనవరిలో రద్దు చేసింది. అంతకాలంగా నడిచిన సంస్థలో కూడా ఒక ఉత్తర్వుతో ఉద్యోగాలు పోతాయని మిగతావన్నీ గ్రహించాయి. ఆ తరువాత ఎవరు ఏ విషయం మీద పరిశోధన మానుకున్నారో ఏ రికార్డులోనూ దొరకదు. విదేశీ డబ్బు మీద ఉన్న అనుమానం స్వదేశీ కంపెనీ డబ్బు మీద మన చర్చల్లో కనిపించకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1999లో కొందరు ప్రొఫెసర్లు మొదలుపెట్టిన ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) సచివాలయం చుట్టూ తిరగకుండా కోర్టుకు వెళ్లింది. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వల్లనే ఈనాడు మన అభ్యర్థుల ఆస్తులు, కేసులు అఫిడవిట్లో చదవగలుగుతున్నాం. 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లను కొట్టివేసిన కేసులోనూ అది పిటిషనరు.

సార్, మీకు పనికొచ్చే విషయం ఒకటి. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే సంస్థ సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(హెచ్) కిందికి వస్తుంది. మీ ఊరి సర్వేకు డబ్బిచ్చింది ప్రభుత్వ శాఖ అయితే, ఆ శాఖకే దరఖాస్తు పెట్టి నివేదిక ప్రతిని అడగవచ్చు. ఇళ్లవారీ వివరాలు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు, అది న్యాయమే. నివేదికను, ప్రశ్నావళిని, ఒప్పందంలోని షరతులను అడగండి.

ప్రశ్న వేసినవారి జవాబు – పరకాల అధ్యాపకుడు

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలను నిన్న తరగతిలో చదివి వినిపించాను. ఆ అమ్మాయి మహబూబాబాద్ మేడమ్ గారి మాట దగ్గర ఆగి, తన తల్లిదండ్రులు కూడా కౌలుదారులేనని చెప్పింది. అంతవరకు నాకు తెలియదు.

సర్వే జరిగిన నాటి ఫొటోలో యువకుడి మెడలోని గుర్తింపు కార్డు మీద శాఖ పేరు కనిపిస్తోంది. న్యాయవాది గారు చెప్పినట్టు ఆ మూడు అంశాలతో దరఖాస్తు రాసి సోమవారం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దానితోపాటు ఈ వానాకాలం మా విద్యార్థుల చేత ఒకే ఊళ్లో నలభై పత్తి చేలను విత్తనం నుంచి ఆఖరి ఏరుడు దాకా నమోదు చేయించాలని అనుకుంటున్నాను. ప్రశ్నావళి తెలుగులో రాస్తాం, ఫలితాన్ని గ్రామసభలో చదువుతాం. రైతు సోదరా, చేలను ఎంచుకోవడంలో జాగ్రత్తలేమైనా చెప్పగలరా?

సమాధానం 2కు కొనసాగింపు – చెల్క రైతు

సార్, నలభైలో సగం చెల్క, సగం రేగడి ఉండేలా చూడండి. ప్రతి సగంలోనూ బోరు ఉన్నవి, లేనివి కలపండి. మాట వినే రైతుల పేర్లు సర్పంచి ఇస్తానంటే తీసుకోకండి, ఓటరు జాబితా నుంచి చీటీలు తీయండి. కౌలు చేలను వేరే గడిలో రాయండి. విత్తన ప్యాకెట్టు ఖాళీ సంచిని, బిల్లును మొదటి రోజే ఫొటో తీయించండి, ఎందుకంటే దసరా నాటికి ఏ రైతుకూ విత్తనం పేరు గుర్తుండదు. ఎనుమాముల మార్కెట్లో అమ్మిన రోజు ఇచ్చే తక్‌పట్టీ, అంటే తూకం, ధర రాసిన చీటీ, కూడా అడగండి, ధర నోటి మాటగా రాసుకోవద్దు. ఏరుడు మొదలయ్యాక ఒక ఆదివారం నేనే వస్తాను.